పసుపుపచ్చ ఊలు బంతి

ఇద్దరూ పరిగెత్తారు, ఒక్కరూ అరవలేదు. అంతేగా జరిగింది? ఆ మోకాలు ఇట్టా మంట వెలుగులోకి చాపు, చూస్తాను. బంతి పైకి లేచింది, నువ్వు అటునుంచి, ఆ పిల్ల ఇటునుంచి, ఇద్దరి కళ్ళూ ఆకాశంలోనే. గుద్దుకోక ఏం చేస్తారు? మీ సాఫ్ట్‌బాల్‌లో మిగతా సంగతులు నువ్వు నాకు చెప్పాలి గానీ, ఈ ఒక్క సంగతి నేను నీకు చెప్పగలను. బంతి కిందికి దిగేలోపల ఎవరో ఒకరు “నాదీ!” అని గొంతెత్తి అరవాలి. ఆ అరుపు వినగానే మిగతావాళ్ళు తప్పుకోవాలి. మాకు మొట్టమొదట నేర్పింది అదే. బ్యాటు చేతికిచ్చింది ఆ తర్వాతే.

ఆ సరుగుడు పుల్ల కాస్త లోపలికి తొయ్యి. పుష్యమాసం చలి, ఎముకల్లోకి దిగుతోంది. మీ తాతయ్య పడుకున్నాడు, నాకు ఇప్పుడప్పుడే నిద్ర రాదు. విను.

మేం ఆడింది బాల్ బ్యాడ్మింటన్. బ్యాడ్మింటన్ అంటే మీకు ఈకల షటిలూ సింధూ గుర్తొస్తారు. మాకు మాత్రం అది ఊలు బంతే. గుప్పిట్లో పట్టేంత బంతి, పసుపుపచ్చటి ఊలుతో చుట్టింది. ముప్ఫై గ్రాములు కూడా దాటదు. నేల తగలనివ్వకుండా వల మీదుగా అటూ ఇటూ కొట్టాలి. వైపుకి అయిదుగురు. ముందు ఇద్దరు, నడుమ ఒకరు, వెనక ఇద్దరు. కోర్టు ఎనభై అడుగుల పొడుగు, నలభై అడుగుల వెడల్పు, నడుమ ఆరడుగుల ఎత్తున వల. అప్పట్లో ఇరవై తొమ్మిది పాయింట్లకి ఒక గేము, మూడింట్లో రెండు గెలిచినవాళ్ళది మ్యాచి. ఇప్పుడు ముప్ఫై అయిదు చేశారటగా. తంజావూరు రాజుల ఇంట్లో ఎప్పుడో మొదలైన ఆట అని మా టీచరమ్మ చెప్పేది. తంజావూరు నుంచి మద్రాసు రాష్ట్రమంతా పాకింది. 1953 దాకా మనమూ ఆ రాష్ట్రంలోవాళ్ళమే గదా, అట్టా మన ఊళ్ళకీ వచ్చింది. దేశానికంతటికీ కలిపి ఫెడరేషన్ పెట్టింది 1954లో. నేను బ్యాటు పట్టేనాటికి రేపల్లె చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా సాయంత్రం అయ్యేసరికి మగపిల్లలు కోర్టు గీసుకుని ఆడుతుండేవాళ్ళు. సంక్రాంతికి, శ్రీరామనవమికి పందేలు. పక్కనున్న ఊరివాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చి మరీ చూసేవాళ్ళు.

ఆడపిల్లలు ఆడటం మాత్రం మా బడిలో టీచరమ్మ వచ్చాకే. ఆవిడ మద్రాసులో డ్రిల్లు ట్రైనింగు అయి వచ్చింది. హ్యారీ బక్ అని ఒక అమెరికా ఆయన 1920లో అక్కడ వ్యాయామ కళాశాల పెట్టాడు. ఆ రోజుల్లో మన డ్రిల్లు మాస్టార్లలో చాలామంది ఆ కాలేజీలో చదివినవాళ్ళో, అక్కడ చదివినవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళో అయి ఉండేవాళ్ళు. ఇంకో సంగతి చెప్పనా? ఆవిడ వానాకాలంలో కోర్టు బురదయినప్పుడు గట్టి చోట నాలుగు ఇటుకలు నలుమూలలా పెట్టించి, రబ్బరు బంతి చేతి కింది నుంచి విసిరి, కర్రతో కొట్టించి, ఇటుక నుంచి ఇటుకకి పరిగెత్తించేది. ఆ ఆటకి పేరేంటో మేం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నువ్వు మొదటిసారి నన్ను మీ గ్రౌండుకి తీసుకెళ్ళినప్పుడు ఆ నాలుగు బేసులూ చూసి నేను అట్టా నిలబడిపోయానే, అందుకు. 1887లో చికాగోలో ఒక క్లబ్బు గదిలో బాక్సింగ్ గ్లౌజుని బంతి చేసుకుని, చీపురు కర్రని బ్యాటు చేసుకుని మొదలెట్టారని నువ్వు చదివి వినిపించావు గదా. మాకు ఇటుకలూ రబ్బరు బంతీ. ఆడాలన్న కోరిక పుట్టాలే గానీ సామాను ఎక్కణ్ణించైనా పుట్టుకొస్తుంది.

మా కోర్టు మేమే చేసుకున్నాం. మనది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానకి బంక అవుతుంది. దాని మీద పరిగెడితే మడమ విరుగుతుంది. చవుడు మట్టి రెండు బళ్ళు తోలించారు. మేం గంపలతో మోసి పరిచాం. నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, మళ్ళీ నీళ్ళు చల్లి, మళ్ళీ కొట్టి. చేతులు బొబ్బలెక్కాయి. ఆ మీదట పేడనీళ్ళు చల్లితే నేల పలకలాగా అయింది. గీతలకి సున్నం ఉన్నప్పుడు సున్నం, లేనప్పుడు ఇంటినుంచి దొంగిలించి తెచ్చిన ముగ్గుపిండి. పొద్దునపూట మంచు పడేది, ఊలు తడిస్తే బంతి బరువెక్కి చెయ్యి లాగేస్తుంది. అందుకని ఎండ కాస్త పడేదాకా బంతిని ఓణీ చెంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకు కూర్చునేవాళ్ళం. బ్యాట్లు చెక్కవి. ఆట అయిపోగానే చెక్క వంగిపోకుండా ప్రెస్సులో పెట్టి మరలు బిగించాలి. బ్యాటు తీగ తెగితే తెనాలి పంపాలి, అది తిరిగొచ్చేదాకా ఒక బ్యాటు తక్కువే.

మా అయిదుగురి సంగతి చెప్పాలి. ముందు ఆడే ఇద్దర్లో ఒకతె స్టేషన్లో పనిచేసే ఆయన కూతురు, రెండో ఆమె మగ్గం నేసేవాళ్ళ పిల్ల. ఎంత చురుకనుకున్నావు, వల పక్కన బంతి రాలుతుందనగా మణికట్టు ఒక్క విదిలింపుతో అవతల పడేసేది. వెనక నేనూ, ఒక కోమట్ల అమ్మాయీ. నడుమ సెంటర్. ఆ సెంటర్ ఆడే పిల్ల మిషను హాస్టల్లో ఉండి చదువుకునేది. మాలపల్లె పిల్ల. నల్లగా, పొడుగ్గా, మాటలు తక్కువ. కోర్టులోకి దిగితే మాత్రం ఆ గొంతు ఊరి చివర చెరువు గట్టు దాకా వినపడేది.

సెంటర్ అంటే ఏంటో నీకు తెలియాలి. ముందువాళ్ళ తల మీంచి పోయిన బంతీ ఆమెదే, వెనకవాళ్ళకి అందకుండా రాలే బంతీ ఆమెదే. వల దగ్గర్నించి వెనక్కి పరుగు, వెనక నుంచి వల దగ్గరికి పరుగు. మా టీచరమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. సెంటర్ “నాదీ” అంటే ఇంకెవ్వరూ బ్యాటు ఎత్తకూడదు. బంతి నా ముక్కు మీదికి వస్తున్నా సరే, ఆ పిల్ల పిలిచిందంటే నేను తప్పుకోవాలి. నేను “నాదీ” అంటే ఆ పిల్ల వంగాలి, నా బ్యాటు ఆమె తల మీంచి తిరుగుతుంది గనక. పేర్లకి ముందు అమ్మలు లేవు, వెనక గార్లు లేవు. ఎవరింటి పిల్ల అనే మాట ఆ గీతల్లో లేదు.

ఇప్పుడు నువ్వు విని ఊరుకోగలవు గానీ, అప్పుడు అది చిన్న సంగతి కాదమ్మడూ. ఆ పిల్ల మా వీధి అరుగు ఎక్కేది కాదు. దాహం అడిగితే మా ఇంట్లో దోసిట్లోకి పైనుంచి పోసేవాళ్ళు. నా సంగతి చూద్దామా, మా ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఏముంది? పలక తమ్ముడిది, పుస్తకం అన్నయ్యది, ఓణీ అక్కది. అన్నం వడ్డించేటప్పుడు కూడా మగపిల్లలు తిని లేచాకే మా కంచాలు. పెద్దగా నవ్వితే మా నాయనమ్మ కసిరేది. అట్టాంటి మేమిద్దరం సాయంత్రం అయ్యేసరికి ఆ ఎనభై అడుగుల నేల మీద నిలబడి గొంతు చించుకుని “నాదీ! నాదీ!” అని అరుస్తుంటే, అరిచినదాని మాట మిగతా నలుగురూ వినేవాళ్ళు. నాకు ఆ ఆట మీద ఉన్న ప్రేమంతా అక్కడుంది. పాయింట్లూ కప్పులూ ఆ తర్వాత.

ఇంట్లో ఒప్పుకోవడానికి గొడవ జరగకపోలేదు. పెళ్ళి కావాల్సిన పిల్ల గంతులేంటని మా మేనత్త. ఓణీ నడుం చుట్టూ బిగించి దోపుకుంటే అదొక పెద్ద నేరం. టీచరమ్మ ఇంటింటికీ వచ్చి కూర్చుని మాట్లాడింది. మా నాన్నకి ఆట అంటే ఇష్టం, పైకి చెప్పేవాడు కాదు. పోటీలకి పంపనని అందరి ముందూ అని, తెల్లారి చార్జీలకి డబ్బులు నా పుస్తకంలో పెట్టి పొలం వెళ్ళిపోయాడు.

పోటీలంటే గ్రిగ్ పోటీలు. బడులన్నిటికీ కలిపి జరిగేవి. గ్రిగ్స్ అంటే ఆ రోజుల్లో పిల్లలకి పండగ. ఆ ఏడు మాకు బాపట్లలో పడ్డాయి. ఇప్పుడంటే రేపల్లె, బాపట్ల ఒకే జిల్లా అయ్యాయి, 2022లో. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. అప్పుడు మూడూ గుంటూరు జిల్లానే. రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళాలంటే రైల్లో ముందు ఉత్తరానికి తెనాలి పోవాలి, మళ్ళీ దక్షిణానికి దిగాలి. పొగబండి. పల్లికోన, భట్టిప్రోలు, వేమూరు, జంపని, చినరావూరు, తెనాలి. ఆ లైను 1916లో వేశారట, మా నాన్న పుట్టక ముందు మాట. తెనాలిలో దిగి మద్రాసు వైపు పోయే పాసింజరు కోసం కాచుకున్నాం. ఆ స్టేషన్ అంటే మా టీచరమ్మకి ఒక గౌరవం. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా అప్పుడు ఆ స్టేషన్ని జనం తగలబెట్టారు, పోలీసులు కాల్చారు, ఏడుగురు పోయారు. ఊళ్ళో రణరంగ చౌక్ అని స్తూపాలున్నాయే, అవి వాళ్ళవే. ఆవిడ మమ్మల్ని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఆ సంగతి చెప్పి, ఆ తర్వాతే పులిహోర పొట్లాలు విప్పనిచ్చింది. నిడుబ్రోలు, అప్పికట్ల దాటాక నేల రంగు మారింది. నల్లమట్టి పోయి ఇసక. ఆ ఇసకని చూసి మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

ఇసక ఫరవాలేదు, కాలు అలవాటు పడుతుంది. గాలి సంగతే మాకు కొత్త. సూర్యలంక సముద్రం అక్కడికి రెండు మూడు కోసుల దూరం. పొద్దున ఆకు కదలదు, మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం మీంచి గాలి మొదలు. ముప్ఫై గ్రాముల ఊలు బంతి ఆ గాలిలో ఎటు పోతుందో ఎవడు చెప్పగలడు? గాలికెదురు కొడితే మన నెత్తి మీదే రాలుతుంది. గాలి వాలున కొడితే గీత దాటి పోతుంది. టీచరమ్మ పాత బంతిలోంచి ఒక ఊలు పోగు లాగి, వల కట్టిన స్తంభానికి ముడేసింది. “బంతిని తర్వాత చూడండి, ముందు ఆ పోగును చూడండి” అంది. పోగు మా వైపు ఎగిరితే బలంగా, తక్కువ ఎత్తులో కొట్టాలి. అటు ఎగిరితే మణికట్టుతో తేలిగ్గా ఆపి వదలాలి. పైకెత్తి కొట్టడం ఎటునుంచీ పనికిరాదు. పక్కగాలి వచ్చినప్పుడు ఇంకో తంటా, గీతకి అవతల వేసిన బంతి తిరిగి లోపలికి వస్తుంది. అవుట్ అని వదిలేస్తే పాయింటు పోయినట్టే. అదంతా ఆ ఒక్క మధ్యాహ్నంలో, ఆడుతూ ఆడుతూ నేర్చుకున్నాం.

చీరాల వైపు నుంచి వచ్చిన జట్టుతో మా మ్యాచి. వాళ్ళకి ఆ గాలి పుట్టినప్పట్నించీ తెలుసు. మొదటి గేము వాళ్ళు లాక్కుపోయారు. రెండోది మాది. మూడో గేము చివర్లో, పాయింట్లు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు, వాళ్ళ సెంటర్ ఒక బంతిని ఎత్తి లేపింది. అది గాలి మీద తేలుకుంటూ నా వైపు వస్తోంది. నా బంతే అనుకుని బ్యాటు ఎత్తబోయాను. అంతలో మా సెంటర్ గొంతు, “నాదీ!” అని. ఆమె వల దగ్గర ఉంది, బంతి నా నెత్తి మీద ఉంది. ఎట్టా అందుతుంది? అయినా నేను బ్యాటు దించేశాను. ఆలోచించి దించలేదు, చెయ్యే దిగింది. అప్పుడు పోగు తిరిగింది. గాలి ఒక్కసారి ఎదురు కొట్టి బంతిని నిలువునా ఆపేసి, నా ముందు ఆరడుగుల దూరంలో కిందికి వదిలింది. ఆ పిల్ల సరిగ్గా అక్కడే ఉంది. నేను బంతిని చూస్తున్నాను, ఆమె పోగును చూసింది. ఆమె కొట్టిన బంతి అవతలి జట్టులో ఇద్దరి నడుమ పడింది. వాళ్ళిద్దరూ పరిగెత్తారు, ఒక్కరూ అరవలేదు.

ఆ మ్యాచి గెలిచాం. ఫైనల్లో గుంటూరు పిల్లలు మమ్మల్ని తేలిగ్గా ఓడించారు, వాళ్ళు చాలా గొప్పగా ఆడారు. నాకు బాధ లేదు. తిరిగొచ్చేటప్పుడు తెనాలి స్టేషన్లో అయిదుగురం ఒకే చెంబుతో నీళ్ళు తాగాం. టీచరమ్మ చూసి మాట్లాడలేదు.

తర్వాత కాలేజీకి తెనాలి వెళ్ళాను, రోజూ అదే రైలు. తెనాలిలో మగవాళ్ళ టోర్నమెంట్లు రాత్రిపూట దీపాలు కట్టి ఆడేవాళ్ళు. నాటకాల ఊరు కదా, మంచి ఆటకి మంచి పద్యానికి కొట్టినట్టు చప్పట్లు కొట్టి, ఇంకోసారి అనేవాళ్ళు. అక్కడి పెద్దవాళ్ళు ఓరుగల్లు పిచ్చయ్య గారి గురించి చెప్పుకుంటుంటే వినాలి. జమ్మలమడక పిచ్చయ్య గారు. 1970లో అర్జున అవార్డు ఇచ్చారు ఆయనకి, మన ఊలు బంతి ఆటకి. ఆ కబురు పేపర్లో చూసి కత్తిరించి నా ట్రంకుపెట్టె మూతకి లోపల అంటించుకున్నాను. అప్పటికి పెళ్ళయింది, బ్యాటు అటక ఎక్కింది. ఆయన నూరేళ్ళు దాటి బతికి 2021లో పోయారు. నీకు ఫోన్లో ఆయన బొమ్మ చూపించమన్నాను, గుర్తుందా?

ఇంకొక్కటి చెప్పి పడుకుంటాను. 1977 నవంబరు 19. ఆ ఉప్పెన గురించి మీ తాతయ్య చాలాసార్లు చెప్పాడు, నేను మళ్ళీ చెప్పను. దివిసీమలో, ఇటు మన తీరంలో పదివేల మంది దాకా పోయారు. నేనప్పుడు నిజాంపట్నం వైపు ఒక పల్లెలో బడిపంతులమ్మని. రెండు వారాల తర్వాత బడి తెరిచాం. బడంటే పైకప్పు లేని గోడలు. పిల్లలొచ్చి కూర్చునేవాళ్ళు, ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేవాళ్ళు గానీ నోరు విప్పేవాళ్ళు కాదు. పేరు పిలిచి, ఆ పేరు గలవాళ్ళు ఇక రారని తెలిసి, తర్వాతి పేరుకి పోవడం ఎంత కష్టమో నీకు చెప్పలేను. పాఠం ఏం చెబుతాం? విరిగిన తాడి మొద్దులు రెండు నిలబడి ఉన్నాయి. వాటికి తాడు కట్టాను. పుట్టింటికి కబురు పెట్టి అటక మీది బ్యాటు తెప్పించాను, ఊలు దొరక్క పాత గుడ్డలు చుట్టి బంతి చేశాను. మిగతా పిల్లలకి అట్ట ముక్కలు. “బంతి వస్తే నాదీ అని అరవాలి, అరవకుండా కొడితే లెక్క లేదు” అన్నాను. మొదటి రోజు ఎవరూ అరవలేదు. బంతి పడేది, తీసి ఇచ్చేవాళ్ళు, మళ్ళీ పడేది. ఎన్నాళ్ళకో ఒక పిల్లవాడు, అమ్మా నాన్నా ఇద్దరూ పోయినవాడు, నలుగుర్నీ తోసుకుని వచ్చి “నాదీ!” అన్నాడు. ఆ రోజు నేను ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను.

అందుకే నువ్వు సాఫ్ట్‌బాల్ అన్నప్పుడు మీ నాన్న చదువు పాడవుతుందంటే నేను అడ్డం పడ్డాను. అనంతపురంలో ఆర్డీటీ అనే సంస్థ మైదానాల్లో పల్లెటూరి ఆడపిల్లలు అదే ఆట ఆడుతున్నారు. ఒలింపిక్స్‌లో 1996లో పెట్టి, 2008 తర్వాత తీసేసి, టోక్యోలో మళ్ళీ ఆడించి, పారిస్‌లో మళ్ళీ మానేశారు. 2028లో లాస్ ఏంజెలెస్‌లో ఉందట. మన ఊలు బంతికి అంత భాగ్యం ఎప్పుడూ పట్టలేదు, నాకు ఆ బాధ ఉంది. మీదీ పసుపుపచ్చ బంతేగా, పెద్దదీ గట్టిదీ. నాకు చూడగానే దగ్గరిదనిపించింది.

మొన్న మీ కోచ్‌ని అడిగాను, ఇద్దరికీ నడుమ పడే బంతి ఎవరిదని. నడుమ నిలబడే సెంటర్ ఫీల్డ్ అమ్మాయి పిలిస్తే మిగతావాళ్ళంతా వదిలెయ్యాలంది. చూశావా, అక్కడా సెంటరే. నువ్వు నిలబడేది అక్కడే కదా? అయితే మొన్నటి బంతికి పిలుపు నీది. నీ ఊపిరి అంతా పెట్టి పిలువు. ఆ రెండో పిల్లకి మోకాలు ఎట్టా ఉందో రేపు కనుక్కుని రా.

మా సెంటర్ నర్సు అయింది, పొన్నూరులో ఇల్లు కట్టుకుంది. మోకాళ్ళ నొప్పులట, గొంతు మాత్రం అదే. నిన్న ఫోన్ చేసింది. భోగికి వస్తానంది, నాలుగు రోజులుంటుంది, నా గదిలోనే పడుకుంటుంది. మీ మ్యాచి కనుమ మర్నాడేగా? ఇద్దరం వస్తాం. మీ కోచ్‌తో చెప్పి రెండు కుర్చీలు వేయించు, వెనక్కి కాదు, గీత పక్కనే.